చాప పరిచిన వైపు

రంగులావిడకి సున్నా వచ్చింది.

అలాంటిలాంటి సున్నా కాదు. ఎర్రసిరాతో, కోడిగుడ్డంత, కింద రెండు గీతలు కొట్టి మరీ వేసిన సున్నా. వేసిందెవరయ్యా అంటే సొంత కోడలు. పొద్దున వంటింట్లో "అత్తయ్యా, టీలో చక్కెర సరిపోయిందా?" అని అడిగిన నోటితోనే సాయంత్రం క్లాసులో అందరి ముందూ "పేపరు తీసుకోండి" అని చేతిలో పెట్టేసింది. వెనక బెంచీలో టైలరు తొంగిచూశాడు. పక్కన కూర్చున్న నర్సమ్మ తొంగిచూడకుండానే చూసేసింది. రంగులావిడ ఆ పేపరుని నాలుగు మడతలు పెట్టి సంచీ అడుగున తోసి, పైన గొడుగు పెట్టి, ఏమీ జరగనట్టు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. లోపల మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది.

చిన్నప్పుడు చదువు మానేసినవాళ్ళ కోసం సాయంత్రాలు నడిపే క్లాసు అది. అందరూ పదో క్లాసు పరీక్షకి కూర్చోవలసినవాళ్ళే. కోడలు అక్కడ లెక్కల టీచరు. ఆ పిల్ల సంగతి కూడా చెప్పాలి. మనిషి మంచిది, పనిమంతురాలు. కానీ స్కేలు పెట్టి గీసినట్టుంటుంది వ్యవహారం. అబద్ధం అన్నది ఆ నాలుక మీద పుట్టలేదు. ఒకసారి ఎదురింటావిడ కబుర్లకి వస్తుంటే, రంగులావిడ పడక మీద నుంచే "నేను ఇంట్లో లేనని చెప్పవే" అంది. కోడలు తలుపు తీసి, "అత్తయ్య ఇంట్లోనే ఉన్నారండీ, లేనని చెప్పమన్నారు" అంది. ఎదురింటావిడ ఏడాదిపాటు మాట్లాడలేదు. అలాంటి మనిషి, అత్తగారని చూసి ఒక మార్కు ఎక్కువేస్తుందా? వెయ్యదు. ఆ మాటకొస్తే ఒక మార్కు తక్కువా వెయ్యదు, అదే రంగులావిడకి ఇంకా ఒళ్ళు మంట.

ఈ వయసులో చదువెందుకమ్మా అంటారా? చెప్తా, వినండి.

రంగులావిడ అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తు లేదు. ఇంటి ముందుగదిలో స్క్రీన్ ప్రింటింగు షాపు. గుడ్డ సంచులు, బనియన్లు, అట్టబోర్డులు, ఏది తెచ్చినా దానిమీద అక్షరాలు అచ్చువేసి ఇస్తుంది. గోళ్ళ సందుల్లో ఎప్పుడూ ఏదో ఒక రంగు, ముక్కు మీద ఎప్పుడూ కోపం. పెళ్ళయిన కొత్తలో మామగారి దగ్గర నేర్చుకున్న పని. ఆ చేతిలో పడిన అక్షరం అంచు బ్లేడుతో కోసినట్టు వచ్చేది. వీధి మొగలో పెద్ద మిషన్ల షాపు వచ్చింది చూడండి, అక్కడినుంచీ బేరాలు పల్చబడ్డాయి. అక్కడ కంప్యూటరు నొక్కితే చాలు, బ్యానరు బయటికొచ్చి పడుతుంది. దానికి ఆవిడ పెద్దగా ఏడవలేదు, కొడుకూ కోడలూ సంపాదిస్తున్నారు. దిగులల్లా ఒక్కటే. ఈ చెయ్యి ఎవరికీ అప్పజెప్పకుండానే పోతానేమోనని. కొడుక్కి రంగు వాసన పడదు, గడపలోనే తుమ్ముతాడు. కోడలు ముందుగదిలోకి రావాలంటే ముక్కు మూసుకుని పరుగెత్తుతుంది. నేర్చుకున్నవాడంటూ ఒక్కడే ఉన్నాడు, మరిది. వాణ్ణి తల్చుకుంటే దిగులు ఇంకా ఎక్కువవుతుంది.

మరిదిని వీధంతా హడావుడి అంటారు. జిగురు ఆరకముందే రంగు పోస్తాడు, రంగు ఆరకముందే మడత పెడతాడు. వాడు అచ్చేసిన సంచీ మీద ఏం రాసుందో తెలుసుకోవాలంటే వాణ్ణే అడగాలి. అడిగితే వాడికీ గుర్తుండదు.

ఇంతలో చేతిపనుల బడిలో కొత్తగా ప్రింటింగు నేర్పే సెక్షను పెట్టారు. నేర్పడానికి మనిషి కావాలన్నారు. రంగులావిడకి ప్రాణం లేచొచ్చింది. నాలుగు మంచి సంచులు పట్టుకుని పరుగెత్తుకెళ్ళింది. ప్రిన్సిపాలమ్మ ఆ సంచుల్ని వెలుతురులో తిప్పి తిప్పి చూసింది.

"పని చూస్తే కళ్ళకద్దుకోవాలనిపిస్తోందమ్మా. కానీ పది పాసైనవాళ్ళకే ఇవ్వాలని రూలు. ఈసారి పరీక్ష రాసి పాసై రండి, అందాకా పోస్టు ఆపుతాను. ఇంకొకాయన కూడా అడిగారు, ఆయన పది పాసట. మీరు పాసయితే ఇద్దరూ నా ముందు పని చేసి చూపించండి. లేదంటే ఇక ఆయనకే ఇచ్చేస్తాను."

ఆ ఇంకొకాయన ఎవరో చెప్పక్కర్లేదుగా. హడావుడి! పిల్లల చేతికి హడావుడి వస్తే ఒక తరం తరమంతా అలుక్కుపోయిన అక్షరాలేస్తుంది. రంగులావిడ ఆ రోజే వెళ్ళి కోడలి క్లాసులో చేరింది. మిగతా సబ్జెక్టులు ఏదోలా మింగింది. లెక్కల్లో కూడా వడ్డీలూ వైశాల్యాలూ గట్టెక్కేశాయి. వచ్చి వచ్చి ఇంత దాటకూడదు, ఇంతకి తగ్గకూడదు అనే ఈ అసమీకరణాల గ్రాఫుల దగ్గర బండి బురదలో దిగబడింది. పరీక్షలో పెద్ద ప్రశ్న ఇందులోంచే వస్తుందని, అది పోతే మిగిలినవన్నీ కలిపినా పాసు గీత అందదని కోడలు మొదటి రోజే కుండ బద్దలుకొట్టి చెప్పింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర రంగులావిడ కంచంలో మెతుకు ముట్టలేదు.

"ఏమే, గీతలు సరిగ్గా గీశానా లేదా?"

"బ్రహ్మాండంగా గీశారత్తయ్యా. క్లాసు మొత్తంలో అంత శుభ్రమైన గీతలు ఇంకెవరివీ లేవు."

"మరి ఆ గీతలకైనా పావు మార్కు రాలదా?"

"నేనడిగింది షేడ్ చెయ్యమని కదా. గీతకి ఏ వైపున జవాబుందో ఆ వైపు పెన్సిలుతో నింపాలి. మీరు అన్నిట్లోనూ అవతలి వైపు నింపారు. ఒకటో రెండో అయితే పొరపాటనుకోవచ్చు. అన్నీ తప్పేశారు!"

కొడుకు మధ్యలో తలెత్తి, "ఒక్కటి కూడా ఒప్పు కాకుండా వెయ్యడం కూడా కష్టమేనమ్మా" అన్నాడు మెచ్చుకోలుగా. వాడి వైపు ఇద్దరూ ఒకేసారి చూశారు. వాడు మళ్ళీ తల దించుకుని అన్నం కలుపుకున్నాడు.

మర్నాడు పొద్దున షాపుకి ఎవరో పది సంచుల పని తెచ్చారు. రంగులావిడ నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. చెక్క ఫ్రేముకి సన్నటి జాలీగుడ్డ బిగించి ఉంది. దానిమీద అక్షరాల అంచులు పెన్సిలుతో గీసుకుని, కుంచెతో జిగురు పూస్తోంది. వంటింట్లో టీ చల్లారిపోతోందని చెప్పడానికి కోడలు ముక్కు మూసుకుని గుమ్మంలోకొచ్చి, అక్కడే కొయ్యబారి నిలబడిపోయింది.

"అత్తయ్యా, అక్షరాలు వదిలేసి చుట్టూ పూస్తున్నారేంటి?"

"మరి అక్షరాల మీద పూస్తే రంగెలా దిగుతుందే? జిగురు పూసినచోట జాలీ మూసుకుపోతుంది, పూయనిచోటే రంగు కిందికి దిగుతుంది. కావలసింది వదిలెయ్యాలి, అక్కర్లేనిది పూసెయ్యాలి. మా మామగారు మొదటి రోజే నా నెత్తిన మొట్టి చెప్పిన పాఠం."

కోడలు ముక్కు మీంచి చెయ్యి తీసేసింది. ఎన్నడూ లేనిది, వచ్చి ఆవిడ పక్కనే గొంతుక్కూర్చుంది.

"ఇదా సంగతి! మీకు లెక్క రాకపోవడం కాదత్తయ్యా. వైపు సరిగ్గానే కనుక్కుంటున్నారు. కనుక్కుని, అది కావలసిన వైపు కాబట్టి వదిలేసి, రెండో వైపు పూసేస్తున్నారు!"

రంగులావిడ కుంచె గాల్లోనే ఆగిపోయింది. ఒక నిమిషం ఆలోచించింది. నిజమే. ఆ వైపు జవాబని తెలుసు కాబట్టే ముట్టుకోలేదు. జవాబు మీద ఎవరైనా పెన్సిలు రుద్దుతారా?

"అయితే నాది ఒప్పేగా! ఆ సున్నా కొట్టేసి మార్కులు వెయ్యి."

"ప్రశ్నలో ఏమడిగారో అదే చెయ్యాలత్తయ్యా. జవాబు వైపు నింపమన్నారు, వదలమనలేదు. పరీక్షలో పేపరు దిద్దేవాళ్ళకి మీ మామగారు తెలీదు."

"దొంగమొహమా, నీ కంటే ఆ ఎర్రసిరా నయం" అంది రంగులావిడ. కానీ ఆ రోజు నుంచి అత్తాకోడళ్ళు ఇద్దరూ కలిసి ఆ చేతి మీద పడ్డారు.

చెయ్యి మాట వింటేనా! మెదడు కుడివైపు అంటుంది, చెయ్యి ఎడమవైపు పోతుంది. కోడలు పెన్సిలు లాక్కుంది, చేతికి రిబ్బను కట్టి చూసింది, గోడ మీద బాణం గుర్తులు అంటించింది. ఏదీ పనిచెయ్యలేదు. ఒక వైపు నింపమంటే, నింపుతూ నింపుతూ మధ్యలో ఉలిక్కిపడి రబ్బరుతో చెరిపేసి, హాయిగా రెండోవైపు పూసేసేది. పేపరంతా పిల్లులు కొట్టుకున్నట్టుండేది. అలసిపోయి ఒక సాయంత్రం కోడలు నేల మీద చతికిలబడి అంది:

"పోనీండి. పెన్సిలూ జిగురూ రెండూ మర్చిపోండి. ఇది చాప అనుకోండి. చాప ఎక్కడ పరుస్తాం?"

"కూర్చోవలసిన చోట."

"అంతే. జవాబు ఏ వైపుందో ఆ వైపు మీరు కూర్చోవాలి. కూర్చోవలసిన వైపు చాప పరవండి. అవతలి వైపు చాప పరిచి ఇవతల మట్టిలో కూర్చుంటారా ఎవరైనా?"

రంగులావిడ కాసేపు ఆ కాగితం వంక చూసింది. తర్వాత పెన్సిలు పట్టుకుని మెల్లగా, అంచు నుంచి అంచుకి, నిజంగానే చాప పరిచినట్టు నింపుకుంటూ పోయింది. ఒప్పు వైపే! కోడలు చప్పట్లు కొట్టింది. లోపల్నుంచి కొడుకు తుమ్మాడు.

ఒకసారి దారి దొరికాక రంగులావిడని పట్టుకోవడం ఎవరి తరం? పాఠం మొత్తానికి తన పేర్లు తను పెట్టేసుకుంది. గీత గీశాక ఏ వైపో తేల్చుకోవడానికి, అడ్డగీతా నిలువుగీతా కలిసే మూల దగ్గర ఎక్స్ సున్నా, వై సున్నా అని పెట్టి చూడమంటుంది కోడలు. ఆ మూలకి రంగులావిడ సున్నమ్మ అని పేరు పెట్టింది. "రెండు ఎక్స్, మూడు వై కలిపితే పన్నెండు దాటకూడదట. ఏమ్మా సున్నమ్మా, నీ సంగతేంటి? సున్నా, సున్నా కలిపితే సున్నా. పన్నెండు దాటలేదు. అయితే నువ్వు మనమ్మాయివే, నీ వైపే చాప." ఒకవేళ సున్నమ్మ ఒప్పుకోకపోతే, "ఫో, నువ్వు మా పక్షం కాదు" అని అవతలి వైపు పరిచేది. గీత సరిగ్గా సున్నమ్మ మీద నుంచే పోతే? "గడప మీద కూర్చున్నదాన్ని అడిగితే ఏం చెప్తుంది, ఇటూ కాదు అటూ కాదు. పక్కింటివాళ్ళని అడుగుదాం" అని ఇంకో చుక్క పట్టుకునేది. గీత కూడా జవాబులో కలిస్తే నిండుగీత, కలవకపోతే చుక్కల గీత అని చెబితే, "గడప మనదైతే గట్టిగా కట్టుకుంటాం, మనది కాకపోతే ముగ్గుచుక్కలు పెట్టి ఊరుకుంటాం. ఇందులో చెప్పడానికేముంది?" అంది.

చెప్పడానికి ఏమీ లేదు నిజమే. కోడలు నోరు వెళ్ళబెట్టి వింది. మర్నాడు క్లాసులో టైలరుకి అర్థం కాకపోతే, తనకి తెలీకుండానే "ముందు సున్నమ్మని అడగండి" అనేసి నాలుక కరుచుకుంది.

పరీక్ష హాల్లో రంగులావిడని ఇన్విజిలేటరు రెండుసార్లు కోప్పడ్డాడు, ఎవరితో మాట్లాడుతున్నారమ్మా అని. "సున్నమ్మతో" అంది. ఆ పేరుగల మనిషి ఏ బెంచీలో ఉందోనని ఆయన పరీక్ష అయ్యేదాకా వెతికాడు.

ఫలితాలొచ్చాయి. పాస్! లెక్కల్లో కూడా మర్యాదగానే వచ్చాయి మార్కులు. కొడుకు మిఠాయి తెచ్చాడు. రంగులావిడ పళ్ళెం పట్టుకుని ఎదురింటావిడ దగ్గరికి కూడా వెళ్ళొచ్చింది, ఏడాది మౌనం అక్కడితో తెగింది. హడావుడి కూడా వచ్చి మిఠాయి నోట్లో వేసుకుంటూ, "పోన్లే వదినా, పాసయ్యావు. ఇక పని దగ్గర చూసుకుందాం" అన్నాడు. "చూసుకుందాం లేరా, ముందు నములు" అంది ఆవిడ. పని దగ్గర భయమేముంది? పని ఆవిడది.

అయితే ఒక్క చిన్న సంగతి జరిగింది. పరీక్షల నెలల్లో షాపు దాదాపు మూసేసినట్టే. ఫలితాలొచ్చిన వారానికి అలవాటు కొద్దీ ఒక ఫ్రేము ముందేసుకుని కూర్చుంది. జిగురులో ముంచిన కుంచె ఫ్రేము మీదికి తెచ్చింది. తెచ్చి, ఆగింది. ఎటు? ఒక్క క్షణం ఏమీ తోచలేదు. తల విదిలించుకుని, "కళ్ళు తిరుగుతున్నాయి, టీ తాగలేదు" అనుకుని లేచిపోయింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పుకునేంత విషయం కాదనుకుంది.

చేతిపనుల బడిలో పోటీ పొద్దున మొదలైంది. పొడుగాటి గది, రెండు బల్లలు, గోడవారన బెంచీల మీద చేరబోయే పిల్లలు. కోడలికి ఆ రోజు సెలవు. "నాకు తోడెందుకే, నేనేమైనా పసిపిల్లనా" అంటున్నా వినకుండా వెంట వచ్చి బెంచీ చివర కూర్చుంది. ప్రిన్సిపాలమ్మ ఇద్దరికీ ఒకటే మాట ఇచ్చింది. వరండాలో పిల్లలు పరుగులు తీసి పడిపోతున్నారట, అక్కడ పెట్టడానికి బోర్డు కావాలట: "మెల్లగా నడవండి."

అది విని హడావుడి తప్ప గదిలో అందరూ నవ్వారు.

రంగులావిడ పైట నడుముకి దోపింది. ఫ్రేము అంచుల చుట్టూ కాగితం టేపు అంటించింది. అక్షరాల అంచులు గీసింది, ఒక్క వంకర లేదు. జిగురు కలిపి కుంచె తీసుకుంది. బెంచీల మీంచి పిల్లలు మెడలు సాచి చూస్తున్నారు. వాళ్ళని చూస్తే ఆవిడకి గుండె నిండిపోయింది. ఇన్నాళ్ళకి చూసేవాళ్ళు దొరికారు! ఆ సంతోషంలో, ఆ ఆనందంలో, చెయ్యి దాని దారిన అది పోయింది. మె మీద మెల్లగా, అంచు నుంచి అంచుకి. ల్ల మీద. గా మీద. ఎంత ముచ్చటగా పరుచుకుంటోందో చాప.

చాప?

అప్పటికి చివరి అక్షరం కూడా అయిపోయింది. రంగులావిడ కుంచె ఎత్తి చూసుకుంది. పై ప్రాణాలు పైనే పోయాయి. అక్షరాలన్నీ జిగురుతో నిండుగా మూసుకుని ఉన్నాయి. చుట్టూ జాలీ అంతా బార్లా తెరిచి ఉంది. మామగారు నెత్తిన మొట్టి చెప్పిన మొట్టమొదటి పాఠం, పని నేర్చుకోడానికొచ్చిన పిల్లలు కూడా మొదటి రోజు తప్ప చెయ్యని తప్పు, ప్రిన్సిపాలమ్మ ముందర, హడావుడి పక్క బల్ల దగ్గర ఉండగా!

కడుగుదామంటే టైము లేదు, కడిగి మళ్ళీ ఆరబెట్టేసరికి పొద్దు వాలుతుంది. ఇంకో ఫ్రేము అడిగితే తప్పు చేశానని చెప్పుకున్నట్టే. ఏడుపొచ్చింది ఆవిడకి, నిజంగానే. ఇంత చదివి, పాసై, చివరికి ఆ చదువే కొంప ముంచింది. బెంచీ చివర కోడలు లేచి నిలబడింది. దూరం నుంచే దానికి అర్థమైపోయిందని ఆ మొహం చూస్తేనే తెలుస్తోంది.

ఇక చేసేదేముంది. జిగురు ఆరేదాకా ఫ్యాను కింద పెట్టింది. తెల్ల అట్టబోర్డు మీద ఫ్రేము ఆనించి నీలంరంగు పోసింది. మామూలుగా అక్షరాలకి కావలసినంత కాదు, అంతకి మూడింతలు. ఇంత పెద్ద జాగా నింపాలంటే, రంగుని జాలీలోంచి కిందికి నొక్కే రబ్బరు పలక ఎక్కడా ఆగకూడదు, ఎక్కడా బరువు మారకూడదు. ఆగితే చార. మారితే మచ్చ. రంగులావిడ ఊపిరి బిగబట్టి ఒక్కటే లాగు లాగింది. ఫ్రేము ఎత్తింది.

హడావుడి అప్పటికే తనది పూర్తి చేసి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. వాడి బోర్డు మీద అక్షరాలు నీలంగానే ఉన్నాయి, మధ్యలో ఒకటి మాత్రం పక్కదాని మీదికి కాస్త ఒరిగి కారింది. వదిన బల్ల మీదికి వంగి చూసి, గదంతా వినబడేలా అరిచాడు.

"వదినా! తిరగేశావు!"

ప్రిన్సిపాలమ్మ కళ్ళజోడు సరిచేసుకుంటూ వచ్చింది. "ఇదేంటమ్మా, అక్షరాలు తెల్లగా ఉన్నాయి, చుట్టూ నీలం ఉంది. తప్పు పడిందా?"

రంగులావిడ అవునండీ తప్పే అందామని నోరు తెరిచేలోపల వెనక నుంచి వినబడింది.

"తప్పు కాదు మేడమ్. కావాలనే వేశారు."

కోడలు. అబద్ధం నాలుక మీద పుట్టని కోడలు. చెవులు రెండూ ఎర్రగా కందిపోయి ఉన్నాయి. గొంతు మాత్రం అచ్చం క్లాసులో ఉన్నట్టే ఉంది.

"గీతకి రెండు వైపులుంటాయి కదా మేడమ్. కావలసిన వైపు రంగేసి చూపించొచ్చు, లేదా అక్కర్లేని వైపు రంగేసి, కావలసింది తెల్లగా వదిలి చూపించొచ్చు. మామూలు రకం పక్క బల్ల మీద ఎలాగూ తయారైంది. రెండోది ఇదిగో, ఈవిడ బల్ల మీద ఉంది. నేర్చుకునే పిల్లలకి రెండూ తెలియాలి కదా. పైగా ఇంత జాగా చార లేకుండా ఒక్క లాగులో నింపడం తేలిక్కాదట. కావాలంటే ఈయన్నే అడగండి."

అందరూ హడావుడి వైపు చూశారు. వాడు ఎంత హడావుడైనా పని తెలిసినవాడు. బోర్డు మీదికి మళ్ళీ వంగాడు. చార కోసం వెతికాడు. పక్క నుంచి చూశాడు, వెలుతురుకి అడ్డం పెట్టి చూశాడు.

"లేదండీ, తేలిక్కాదు" అన్నాడు నీరసంగా. "నా వల్లయితే కాదు."

ప్రిన్సిపాలమ్మ రెండు బోర్డులూ వరండాలోకి పట్టుకుపోయి, గోడకి ఆనించి, అటు చివరికి నడిచి వెనక్కి తిరిగి చూసింది. నీలం మీద తెల్లటి అక్షరాలు అంత దూరానికీ కొట్టొచ్చినట్టు కనబడుతున్నాయి. రెండో బోర్డు మీద ఏదో రాసి ఉందని మాత్రం తెలుస్తోంది.

"ఇదే పెట్టండి గోడకి" అంది. తర్వాత రంగులావిడ దగ్గరికొచ్చి, "సోమవారం నుంచి రండి టీచరుగారూ" అంది.

టీచరుగారూ! రంగులావిడకి కళ్ళు మసకేశాయి. రంగు చేతుల్తోనే దణ్ణం పెట్టేసింది.

గేటు దగ్గర హడావుడి ఎదురుపడ్డాడు. పాపం, కోపం కూడా వాడి దగ్గర ఎక్కువసేపు నిలవదు.

"వదినా, ఆ కొత్త రకం నాకూ చెప్పవూ. ఎక్కడ నేర్చుకున్నావు?"

రంగులావిడ అటూ ఇటూ చూసి, రహస్యం చెప్పేదానిలా దగ్గరికి జరిగింది. "ఊరికే రాదురా అది. దానికి అసమీకరణాల గ్రాఫులు తెలియాలి. సాయంత్రం మా కోడలి క్లాసుకి వెళ్ళి మొదటి బెంచీలో కూర్చో."

"నేను పది పాసయ్యాను వదినా."

"అయినా సరే. ముందు సున్నమ్మ ఎవరో తెలుసుకో."

వాడు బుద్ధిగా తలూపి, గ్రాఫు కాగితాలు కొనడానికి అప్పుడే పరుగు తీశాడు. కోడలు నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది.

బస్సులో అత్తాకోడళ్ళకి పక్కపక్కనే సీటు దొరికింది. కోడలి చెవులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. రంగులావిడ చీర కొంగుతో వేళ్ళకంటిన నీలం రుద్దుకుంటూ, కిటికీలోంచి బయటికి చూస్తూనే అంది:

"అబద్ధం చెప్పావే."

"కావాలనే వేశారన్న ఒక్క ముక్కే అబద్ధమత్తయ్యా. మిగతాదంతా నిజం."

"ఎందుకు చెప్పావు?"

కోడలు తన ఒళ్ళో చేతులు చూసుకుంది. "ఆ తప్పు మీది కాదు కాబట్టి. మీ చెయ్యి మార్చింది నేనే."

రంగులావిడ ఇటు తిరిగింది.

"అదే నేనూ అంటున్నా. ఒక జీవితమంతా పట్టి తయారైన చెయ్యి నాది. నీ పాఠం దాన్ని తిప్పేసింది. పెన్సిలు లేకుండా, నువ్వు పక్కన లేకుండా, నాకే తెలీకుండా తిప్పేసింది. హడావుడి గాడికి నేను పదేళ్ళు చెప్పాను, వాడి చెయ్యి ఒక్క వెంట్రుకంత కూడా కదల్లేదు. నాకు పని చెయ్యడం వచ్చు, అంతే. చెప్పడం రాదు. ఆ పిల్లలు అలా మెడలు సాచి చూస్తుంటే నాకు భయమేసిందే." ఆగింది. "సోమవారం లోపల నాకు పాఠం ఎలా చెప్పాలో నేర్పవూ?"

కోడలు తన సంచీలోంచి ఒక తెల్లకాగితం తీసి అత్తగారి ఒళ్ళో పెట్టింది.

"నేర్పుతాను. కానీ వారం చివర టెస్టు పెడతాను. సరిగ్గా చెప్పకపోతే సున్నాయే."

"వెయ్యవే, నీ దగ్గర మొహమాటమా ఏమైనా" అంది రంగులావిడ కాగితం సర్దుకుంటూ. "కానీ ఎర్రసిరాతో మాత్రం వెయ్యకు. షాపులో నీలం బోలెడు మిగిలింది."